ముందు సీటులో మధ్య గుంట

మా ఆయన్ని బజారులో అందరూ వాసన మేస్త్రి అంటారు. కార్ల సీట్లు కుట్టడం మా పని. ఫ్రేములు, స్ప్రింగులు ఆయన చూస్తాడు, నేను మిషను తొక్కుతాను. పాత సీటు ఏది వచ్చినా ముందు దానికి ముక్కు ఆనిస్తాడు. వరదలో మునిగిన కారుదా, సిగరెట్లు కాల్చేవాడిదా, కుక్కని ఎక్కించుకు తిరిగినవాడిదా, అంతా ఆ ముక్కే తేల్చాలి. అది సీట్ల దగ్గర ఆగితే నాకేం బాధ లేదు. నేను మా అక్క ఇంటికి వెళ్ళొచ్చినా, "దారిలో బేకరీ దగ్గర ఆగావు కదూ?" అంటాడు. ఆగాననుకోండి, అది వేరే సంగతి.

షాపుకి తాళం వేస్తాడా, లాగి చూస్తాడు. పది అడుగులు వేసి, వెనక్కొచ్చి మళ్ళీ లాగుతాడు. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఒక్కసారి లాగి ఊరుకున్న రోజు లేదు. ఆ రెండోసారి అయ్యేదాకా నేను సంచీ పట్టుకుని రోడ్డు మీద నిలబడాలి.

ఒక బుధవారం ఉదయం లేతాకుపచ్చ రంగు పాత కారు ఒకటి మా వీధి మలుపు తిరిగింది. నలభై ఏళ్ళ నాటి బండి. ముందు వైపు ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా ఒకటే బెంచీ సీటు. మా ఆయన చేతిలో సుత్తి ఆగిపోయింది.

"చూశావా? లోపల ఇద్దరూ ఎలా అతుక్కుని కూర్చున్నారో!"

"కూర్చోనీ. నీకెందుకు?"

షాపు దగ్గరికి రాగానే లోపలున్నావిడ గబుక్కున అవతలి తలుపు వైపు జరిగింది. "రెండు... ఒకటి" అని మగ గొంతు వినిపించడం, ఆమె మళ్ళీ ఇటు వంగి, వెంటనే సర్దుకోవడం కూడా మేం చూశాం. ఇంజను ఆగింది.

ఆవిడకి యాభై అయిదు దాటి ఉంటాయి, పొట్టి మనిషి. ఆయన ఆరడుగుల పైనే. ఎడమ చెయ్యి పాంటు జేబులో పెట్టుకుని కారు పక్కనే నిలబడిపోయాడు. మాట్లాడిందంతా ఆవిడే.

"ఈ బెంచీ తీసేసి రెండు విడి సీట్లు పెట్టాలండీ. బకెట్ సీట్లంటారే, అవి. పాత కార్లలోవైనా ఫరవాలేదు. సోమవారం పొద్దున కారు కొనేవాళ్ళు వస్తున్నారు. ఈలోపు సీట్లు కుదిరాయా, వాళ్ళని తిప్పి పంపేస్తాం. లేదంటే కారు ఇచ్చెయ్యాల్సిందే." ఆ చివరి మాట అంటూ ఆవిడ కారు తలుపు నిమిరింది.

"ఇంత మంచి బెంచీ ఎందుకు పీకించేస్తున్నారమ్మా?" అన్నాడు మా ఆయన.

"అవసరం" అంది. ఇద్దరూ ఆటో ఎక్కి వెళ్ళిపోయారు.

వాళ్ళు అటు వెళ్ళారో లేదో, మా ఆయన బెంచీ విప్పి వెలుతురులోకి లాగాడు. వాసన చూశాడు, అరచేత్తో ఒత్తి చూశాడు. ఆయన సీటు మీద చెయ్యి పెడితే ఎవరు ఎక్కడ కూర్చున్నారో చెప్పేస్తాడు, అది మాత్రం ఒప్పుకోవాలి.

"ఇదిగో, ఇక్కడ డ్రైవరు గుంట. ఇదేమో పక్కనే, సరిగ్గా మధ్యలో, ఇంకో గుంట. అవతలి తలుపు వైపు చూడు, స్పాంజి కొత్తదానిలా ఉంది. ఏళ్ళ తరబడి ఆడమనిషి ఆయన్ని ఆనుకునే కూర్చుంది. వీళ్ళు మొగుడూ పెళ్ళాలు కారే!"

"ఎందుకు కాకూడదు?"

"ఈ వయసులో ఎవరు కూర్చుంటారు అలా? మనం కూర్చుంటామా?"

నాకు ఒళ్ళు మండింది. "నీ పక్కన కూర్చుంటే వాసన చూస్తావు. అందుకని కూర్చోను."

ఆయన వింటేగా! "ఇంట్లో అసలు పెళ్ళాం కంట ఈ గుంట పడకుండా సీటే మాయం చేస్తున్నారు. ఆయన జేబులోంచి చెయ్యి తీశాడా? ఉంగరం దాస్తున్నాడు. పైగా ఆ 'రెండు, ఒకటి' ఏంటి? ఏదో మతలబు ఉంది."

ఆ మతలబు తేలేదాకా పని ముట్టనని గురువారం గడిపేశాడు. శుక్రవారం కూడా అదే వరస. ఇక నేను మిషను దిగాను. "వాళ్ళు ఎవరైతే నీకేం? సోమవారానికి ఆ కారు ఆవిడ చేజారిపోతే ఆ ఉసురు మనకి తగుల్తుంది. లే!" అన్నాను. నిజం చెప్పొద్దూ, నాకూ లోపల అనుమానం పురుగు తొలుస్తూనే ఉంది.

శనివారం తుక్కు యార్డుకి వెళ్ళి, పదకొండు సీట్లు వాసన చూసి, రెండు తెచ్చాడు. సీట్లు బాగానే ఉన్నాయి. వాటి కింద సీటుని ముందుకీ వెనక్కీ జరిపే పట్టాలు మాత్రం ఆయనకి నచ్చలేదు. "గుద్దుకున్న కారు పట్టాలు నేను నమ్మను" అని విప్పి మూల పడేశాడు. ఆ పెద్దాయన కాళ్ళ పొడుగుకి సరిపడేలా కొలిచి, సీటుని నేలకే బోల్టులతో బిగించేశాడు. నడిపేది ఆయనేగా అనుకున్నాం ఇద్దరం.

ఆదివారం మధ్యాహ్నం వాళ్ళొచ్చారు. ఆవిడ నేరుగా వెళ్ళి స్టీరింగు ముందు కూర్చుంది. కాలు చాపింది. క్లచ్‌కి జానెడు దూరంలో ఆగిపోయింది. చెయ్యి సీటు కింద పెట్టి తడుముకుంది.

"ఇది ముందుకి జరగదా?"

జవాబు చెప్పాల్సిన మా ఆయన తలుపు పట్టుకుని, "ముందు ఒక్క మాట చెప్పండమ్మా. ఈయన మీకేమవుతారు?" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

"మొగుడవుతారు. ముప్ఫై ఒక్కేళ్ళ నుంచీ. ఎందుకూ?"

"అబ్బే, మధ్యలో గుంట ఉంటేనూ..." అంటూ మా ఆయన తలుపు వదిలేశాడు.

పెద్దాయన నవ్వాడు. కుడి చేత్తో ఎడమ చేతిని జేబులోంచి బయటికి తీసి కారు బానెట్ మీద పెట్టాడు. అది పెట్టిన చోటే ఉండిపోయింది.

"నాలుగేళ్ళయింది ఇది పడిపోయి. కుడి చెయ్యి స్టీరింగుకే సరి. గేరేమో ఎడమ పక్క. నేను క్లచ్ తొక్కి 'రెండు' అంటే తను రెండో గేరు వేస్తుంది. అందుకే మధ్యలో కూర్చునేది. నలుగురూ చూస్తే నడపనివ్వరుగా, మనుషులు కనబడగానే అటు జరిగేది."

"మూణ్ణెల్ల కిందట ఒక సైకిలు అడ్డం వచ్చింది" అంది ఆవిడ. "ఈయన అన్న మాట నాకు వినపడలేదు. వెంట్రుకవాసిలో తప్పింది. ఇక నడిపితే నేనే నడపాలన్నాను. డ్రైవింగ్ స్కూల్లో నేర్చుకున్నాను, లైసెన్సు తెచ్చుకున్నాను. మొన్న మీ దగ్గరికి తేవడమే ఈయన నడిపిన ఆఖరుసారి. కానీ నా కాలు అందాలని బెంచీ ముందుకి లాగితే మొత్తం వచ్చేస్తుంది, ఈయన మోకాళ్ళు డాష్‌బోర్డుకి నొక్కుకుపోతాయి. విడి సీట్లయితే నాది ఒక్కటే జరుపుకోవచ్చని ఆశపడ్డాను." బోల్టుల వైపు చూస్తూ కళ్ళు తుడుచుకుంది. "రేపు పొద్దున్నే వాళ్ళొస్తారు."

సిగ్గుతో నా మొహం కాలిపోయింది. మా ఆయన మూల పడేసిన పట్టాలు తెచ్చి కిరోసిన్‌లో వేశాడు. తోమాడు, సుత్తితో కొట్టి చూశాడు, మళ్ళీ తోమాడు. నేలకి బిగించిన బోల్టులన్నీ ఊడదీసి పట్టాలు ఎక్కించాడు. నన్ను సీటులో కూర్చోబెట్టి, పట్టుకున్నచోట నిలుస్తుందా లేదా అని ముందుకీ వెనక్కీ ఎన్నిసార్లు కుదిపాడో లెక్కలేదు. అంతా అయ్యాక పది అడుగులు నడిచి, వెనక్కొచ్చి, ఇంకోసారి లాగి చూశాడు. జీవితంలో మొదటిసారి నేను విసుక్కోలేదు.

ఇంకా ఎండ ఉండగానే ఆవిడ ఎక్కింది. సీటు ముందుకి జరిగి టక్కుమని ఆగింది. కాలు క్లచ్‌కి అందింది. పక్క సీటులో ఆయన కాళ్ళు బారజాపుకుని కూర్చున్నాడు. మొదటి గేరులో కారు మెల్లగా రోడ్డెక్కింది. బెదురుతో ఆవిడ స్టీరింగుని రెండు చేతులతోనూ బిగించి పట్టుకుంది.

"రెండు" అంది ఆవిడ.

ఆయన కుడి చెయ్యి చాపి గేరు మార్చాడు.