ఆదివారం పది నిమిషాలు

దగ్గరికి జరిగి కూర్చోండి, చాప అందరికీ సరిపోతుంది. ఇందాక మోగిన ఫోను మా తమ్ముడిది. ఇప్పుడు భూపాలపల్లి దిక్కు ఒక చర్చిలో ఫాదరు. ఆదివారం పూజ ముగిసి అన్నం తిన్నాక ఫోను చేస్తాడు. నేను ఎత్తగానే అనే మాట ఒక్కటే: "అక్కా, ముందుగాల బాధ చెప్పు. సంబురం ఎనుక చెప్దువు." ఆ మాట ఊరికే రాలేదు, వినండి.

మాది గూడూరు పక్క పల్లె. మిరపచేను, రెండు బర్రెలు. నా అత్తగారిల్లు కూడా ఆ ఊళ్లోనే. తమ్ముడు ఫాదరు చదువుకు సెమినరీలో చేరిన రోజు అమ్మ వాడకట్టంతా బెల్లం పంచింది. అక్కడ ఆదివారం మధ్యాహ్నం ఒక్కొక్కరికి పది నిమిషాలు ఫోను ఇచ్చేవారు. దేవుని చదువు చదివే పిల్లవాడి మనసు చెదరగూడదని అమ్మ మాకు పొద్దుటి నుంచే పాఠం నేర్పేది. "మంచి ముచ్చట్లే చెప్పుండ్రి. ఎవలన్న ఏడ్సిండ్రో, గరిటె కాల్చి పెడ్త!" మేం ఫోను చుట్టూ కూర్చుని "సల్లగున్నం, మిరప మంచిగున్నది, నువ్వు చదువుకో" అని వరుసగా అప్పజెప్పేవాళ్ళం. నల్లతామర పురుగు పట్టి మిరపచేనంతా ముడుచుకుపోయిన ఏడు కూడా అదే పాఠం.

ఆ ఏడే బర్రె గుంజితే అమ్మ కిందపడి కాలు విరిగింది. మానుకోట దవాఖానలో కట్టు కట్టించి తెచ్చాం. గొంతు వింటే కొడుకు కనిపెడతాడని అమ్మ ఫోను ముట్టలేదు. "చర్చికి పోయింది బిడ్డా" అన్నాడు నాయిన. మరుసటి ఆదివారమూ అదే. మూడో ఆదివారం తమ్ముడు అడిగాడు: "నాయినా, మూడు వారాలసంది అమ్మ చర్చిలనే ఉన్నదా?"

ఆ తరువాత నాలుగో రోజు తమ్ముడు రేకుపెట్టె నెత్తిన పెట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు.

"పెట్టెందుకురా?" అన్నాడు నాయిన.

"ఇగ పోను నాయినా. మోకరిస్తె నోట్లె మాట వస్తలేదు. మీరంత సల్లగుంటె నేను ఎవలికోసం అడగాలె దేవుణ్ణి?"

అమ్మ గరిటె అందుకుంటుందనుకున్నాను. మంచం మీది నుంచే, "కూసో, ఇను" అంది. మిరప పోయిన సంగతి, గట్టు తగాదాతో నాయినకూ పెదనాయినకూ మాటలు లేని సంగతి చెప్పింది. చివరికి నా వైపు చూసి, "అక్కకు రెండుసార్లు కడుపు పోయింది. గది నీకు చెప్పలె" అంది. ఆ మాట మా ఇంట్లో పైకి అనడం అదే మొదలు. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను.

తమ్ముడు పెట్టె దించాడు. ఆ మంచం పక్కన, బర్రెల మేత నుంచి రాలిన గడ్డిపోచల్లోనే మోకరించాడు. చేను, గట్టు, అమ్మ కాలు, అన్నీ పక్కింటివాళ్ళతో చెప్పినట్టు దేవునికి మన మాటల్లోనే చెప్పాడు. చివరికి నా సంగతి ఎత్తాడు. "పేర్లు పెట్టని గా ఇద్దరు పిల్లలను నీ దగ్గర కూసోబెట్టుకో, దేవా" అన్నాడు. చర్చిలో ఎన్నో ప్రార్థనలు విన్నాను గాని, అవతల ఎవరో వింటున్నారని తెలిసింది మాత్రం ఆ గడ్డిపోచల్లోనే.

పొమ్మని ఎవరూ అనలేదు. సోమవారం తనే పెట్టె ఎత్తుకుని సెమినరీకి బయల్దేరాడు.

ఆ తరువాత అమ్మకు పది నిమిషాలు ఏ మూలకూ చాలేవి కావు. పాలు విరిగిన ముచ్చట కూడా చెప్పేది. ఏళ్ళు గడిచి, ఫాదరుగా గురుపట్టం అందుకునే నాడు తమ్ముడు ఆచారం ప్రకారం చర్చి పీఠం ముందు నేలమీద బోర్లా పడుకుంటే, అమ్మ నా చెవిలో అంది: "గా ఈపు మీద మన ఇల్లంత ఉన్నది సూడే."

అమ్మ ఇప్పుడు లేదు. ఇవాళ తమ్ముడికి ముందుగా ఆమె గుర్తొస్తున్న బాధే చెప్పుకున్నాను. మంచిమాటలు అప్పజెప్పిన రోజుల్లో పది నిమిషాలు ఎంతకూ గడిచేవి కావు. నిజం చెప్పుకోవడం మొదలయ్యాక ఇన్నేళ్ళూ పది నిమిషాల్లా గడిచిపోయాయి. మీ ఇంట్లో కూడా చెప్పుకునే నోరు, వినే చెవి ఎన్నడూ కరువు కాకుండా, మీ గడప పచ్చగా ఉండాలి.