దర్జీకి పడ్డ కుట్లు

ఆ ఉదయం మా ఆయన యాకూబ్ మిషన్ ముందు కూర్చున్నారు కానీ కాలు పెడల్ మీద ఆనలేదు. స్టేషన్ ఘన్‌పూర్‌లో ముప్పై ఏళ్లుగా బట్టలు కుడుతున్న మనిషి. ముందురోజు బాత్రూంలో జారిపడి, "ఏం కాలే" అంటూ లేచారు. జనగామలో ఎక్స్‌రే చూసి డాక్టరు, "నెక్ ఆఫ్ ఫీమర్ ఫ్రాక్చర్, తుంటి కాడ ఎముక విరిగింది. హిప్ రీప్లేస్‌మెంట్ చెయ్యాలె, అంటే తుంటి కీలు మార్చాలె" అన్నారు.

ఆపరేషన్ బాగా జరిగింది. ఐదో రోజు వాకర్‌తో ఇంటికొచ్చాం. డ్రెస్సింగ్ తెరవొద్దు, తడపొద్దు అని నర్సు రెండుసార్లు చెప్పింది. ఈయన బుద్ధిగా తలూపారు.

నేను నా గాజుల దుకాణానికి వెళ్లగానే మొదలయ్యేదట అసలు ముచ్చట. పండ్లు పట్టుకుని పలకరించడానికి ఎవరొచ్చినా సరే, లుంగీ జరిపి, డ్రెస్సింగ్ అంచు లేపి చూపించడమే!

"చూడు తమ్మీ, డాక్టర్ సాబ్ ఎట్ల కుట్టిండో! ఒక్క కుట్టు వంకర లేదు. నాకే గింత సాఫ్ రాదు."

తొమ్మిదో రోజు ఒళ్లు వెచ్చబడింది. డ్రెస్సింగ్ తడిగా ఉంది, చుట్టూ ఎరుపు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. వెంటనే జనగామకు పరుగెత్తాం.

"ఇన్ఫెక్షన్ పైపైనే ఉంది. లోపలికి పోతే మళ్లీ ఆపరేషనే. ఎవరు తెరిచిండ్రు?" అన్నారు డాక్టరు.

ఈయన పైకప్పు వైపు చూశారు. దారిలో ఆయన నోటనే విన్నదంతా నేను చెప్పేశాను. డాక్టరుకు నవ్వాగలేదు. "నా పని మెచ్చినందుకు సంతోషం చాచా. ఇగ ఎగ్జిబిషన్ బంద్ చెయ్యి."

యాంటీబయాటిక్స్ రాశారు. కొన్నాళ్లు దుకాణం మూసి గుమ్మంలో స్టూలు వేసుకున్నాను. "మొఖం చూడుండ్రి, చాయ్ తాగుండ్రి, పోండ్రి" అని వచ్చినవాళ్లకు ముందే చెప్పేదాన్ని.

"ఖైదీని చేసినవ్ రజియా" అని ఈయన రెండు రోజులు అలిగారు. అలిగితే అలగనీ అనుకున్నాను.

ఎరుపు తగ్గింది, గాయం మానింది. కుట్లు విప్పేటప్పుడు కూడా, "జర మెల్లగ బిడ్డా, బట్ట చిరుగుతది" అని నర్సుకు పని నేర్పబోయారు. ఆ రోజు సంతోషంతో ఏడ్చేశాను.

ఇప్పుడు ఎత్తు కుర్చీ, మోటారు మిషన్. ఆయన పాట, మిషన్ చప్పుడు నా దుకాణం దాకా వినిపిస్తాయి. తోటివారికి నేను చెప్పేది ఒక్కటే: చూడవచ్చినవాళ్ల కోసం గాయం తెరవకండి; ఎరుపు, తడి, జ్వరం ఏది కనిపించినా ఆ రోజే డాక్టరుకు చూపండి.

మొన్న పక్కింటి సత్తయ్య ఇదే ఆపరేషన్ చేయించుకుని వస్తే చూడబోయాం.

"యాకూబ్ అన్నా, కుట్లు ఎట్లున్నయో జర చూస్తవా?" అన్నాడు డ్రెస్సింగ్ మీద చేయి వేసి.

మా ఆయన మెడ ముందుకు సాగింది. నా వైపు చూసి, చేతులు రెండూ జేబుల్లో పెట్టుకున్నారు.

"వద్దు తమ్మీ. మానినంక చూస్త."