నూతిలో ఎడం తిప్పుడు

తిరుమల ఈత నేర్చుకున్నది నూతిలో. వజ్రపుకొత్తూరు దాటి సముద్రం వైపు వెళ్ళే దారిలో, వాళ్ళ కొబ్బరితోట మధ్యలో ఉంది ఆ నుయ్యి. గుండ్రటిది. ఇల్లంత వెడల్పు. రాతిమెట్లు నీళ్ళ దాకా దిగుతాయి. ఆ నీళ్ళు ఇప్పుడు ఎవరూ తాగరు. ఊళ్ళో కిడ్నీ జబ్బు పెరిగాక తాగడానికి డబ్బా నీళ్ళే తెచ్చుకుంటారు. నూతి నీళ్ళు మొక్కలకూ, పశువులకూ, ఈతకూ.

నేర్పింది నాయనమ్మ బొడ్డమ్మ. రెండు ఎండు కొబ్బరికాయలను వాటి పీచుతోనే జతకట్టి, పిల్ల చంకల కింద ఆనించి నీళ్ళలోకి వదిలింది. తను మెట్టు మీద కూర్చుంది.

"గోడ ఎడం సేతికుండాల. కుడి తిప్పుడు తిరుగు. గుడి సుట్టూ ఎలగ తిరుగుతావు, అలగే."

"నీళ్ళలో కూడానేటి, మామ్మా?"

"నీళ్ళలో దేవుడు నేడేటి?"

ఆ ఇంట్లో అందరూ అలాగే ఈదారు. నూతి నడిమధ్య కుడిపక్కన, గోడ ఎడంపక్కన. ప్రదక్షిణ చేసినట్టు. ఎడం తిప్పుడు తిరిగేది ఒక్కచోటే, చితి చుట్టూ. బొడ్డమ్మ భర్త కిడ్నీ జబ్బుతో పోయినప్పుడు, కొడుకు దాలయ్య, అంటే తిరుమల తండ్రి, నీళ్ళకుండ భుజాన పెట్టుకుని ఆ తిప్పుడు తిరిగాడు. ఆడవాళ్ళు అంతదూరం రాకూడదన్నారు. బొడ్డమ్మ వెళ్ళింది. జీడిచెట్ల వెనక నిలబడి చూసింది.

తిత్లీ తుఫాను తోటను పడగొట్టిన ఏడాది తిరుమలకు పదేళ్ళు. దాలయ్య కూలిన చెట్లను తొలగించి కొత్త మొక్కలు నాటాడు. కొబ్బరి కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది. అతను మొక్కల దగ్గర నిలబడి చూసేవాడు కాదు. నీళ్ళు పోసి పక్క మొక్కకు వెళ్ళిపోయేవాడు. ఆ నీళ్ళు తోడి ఇచ్చేది తిరుమల. తోడడం అయ్యాక నూతిలో దిగేది. చీకటి పడేలోగా పైకి రావాలని ఒక్కటే నియమం.

హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు కామేశ్వరరావు. చదువుకునే రోజుల్లో ఈత పోటీలకు వెళ్ళినవాడు. ఒకరోజు తరగతిలో ఎవరికి ఈత వచ్చో అడిగాడు. సగం చేతులు లేచాయి. ఆగకుండా ఈదగలిగేవాళ్ళు ఎవరని అడిగాడు. తిరుమల చెయ్యి ఒక్కటే దిగలేదు.

"ఎంతసేపు ఈదుతావు?"

"ఆకలేసేదాకా, మాస్టారూ."

టెక్కలి దగ్గర ఒకాయన కట్టించిన ఈతకొలను ఉంది. ఆదివారాలు మాస్టారు అక్కడికి పిల్లల్ని తీసుకువెళ్ళేవాడు. అడుగు కనిపించే నీళ్ళను తిరుమల అంతకుముందు చూడలేదు. అడుగున ఒక నల్లగీత. రెండు పక్కలా నీళ్ళ మీద తేలే పూసల తాళ్ళు. ఆ తాళ్ళ మధ్య దారిలో నేరుగా ఈదాలి.

ఆమె నేరుగా ఈదలేకపోయింది. బలంగా బయలుదేరేది. కొంతదూరం పోయాక కుడిపక్క తాడు చేతికి తగిలేది. తగిలిన ప్రతిసారీ ఊపు విరిగిపోయేది.

"కింద గీత కనిపిస్తోందా?" అని మాస్టారు గట్టు మీద నుంచి అడిగాడు.

"అగుపిత్తంది."

"దాని మీదే రా మరి."

"దాని మీదే వత్తన్నాను, మాస్టారూ. గీతే ఎడంపక్కకి పోతంది."

తోటి పిల్లలు నవ్వారు. ఆమె కూడా నవ్వి మళ్ళీ గోడ దగ్గరకు వెళ్ళింది.

మరుసటి ఏడు విశాఖపట్నంలో రాష్ట్ర జట్టుకు ఎంపిక పోటీలు. ఎనిమిది వందల మీటర్ల ఈతకు ఇద్దరిని తీసుకుంటారు. సగం దాకా తిరుమలదే ముందంజ. అలసట మొదలయ్యాక తాడు తగలడం మొదలైంది. మూడోదిగా వచ్చింది. ఆమె వయసు పిల్లల విభాగంలో ఇంకొక్క ఏడాదే మిగిలింది. ఆ తర్వాత పెద్దవాళ్ళతో పోటీ.

తిరుగు రైల్లో మాస్టారు ఓదార్పు మాటలు వెతుక్కుంటున్నాడు. ఆమె కిటికీ పక్కన కూర్చుని అడిగింది.

"ముందొచ్చినమ్మాయి గోడకాడ తిరిగినప్పుడు కాళ్ళు ఎక్కడ పెడతంది, మాస్టారూ?"

ఆయన అరచెయ్యి నిలబెట్టి గోడ అన్నాడు. రెండో చేతి వేళ్ళను దానికి ఆనించి చూపించాడు. ఆమె మళ్ళీ చూపించమంది. పలాస వచ్చేదాకా అదే. ఆ అమ్మాయి పేరు మాత్రం ఆమె అడగలేదు.

తాడు సంగతి మాస్టారుకు అంతుపట్టలేదు. కళ్ళు పరీక్ష చేయించాడు. బాగానే ఉన్నాయి. చివరికి ఒకరోజు సైకిలు మీద వాళ్ళ తోటకు వచ్చాడు. తిరుమల నూతిలో ఉంది. గట్టు మీద నిలబడి చాలాసేపు చూశాడు.

ఆమె గోడను ఎడమచేతి పక్కన పెట్టుకుని తిరుగుతోంది. ఊపిరి కోసం కుడివైపే తల తిప్పుతోంది. బయటివైపున్న ఎడమచెయ్యి పెద్ద వలయం చుట్టాలి కాబట్టి ఎక్కువ నీరు తోస్తోంది. లోపలి చెయ్యి తక్కువ. ఏళ్ళ తరబడి అలా తిరిగిన శరీరం అది. కొలనులో వేసినా తనలోని నూతి చుట్టూ తిరుగుతోంది.

ఆయన గట్టు మీదే కూలబడ్డాడు.

బొడ్డమ్మ బోండాం కొట్టి తెచ్చి ఇచ్చింది. "ఏటి మాస్టారూ, అలగ అయిపోనారు? పిల్ల బాగా ఈదట్నేదా?"

"గుండ్రంగా ఈదుతోంది, పెద్దమ్మా. ఇంకోవైపు కూడా తిరిగితే రెండు చేతులూ సమానమవుతాయి. గోడ కుడిచేతికి పెట్టుకుని తిరగాలి."

బొడ్డమ్మ ముఖం మారింది.

"సావు తిప్పుడు మా నూతిలో తిరగకూడదు."

"ఇది ఈత, పెద్దమ్మా."

"తెలుసు. మీరు ఈత మాస్టారు, నాను పిల్లకి మామ్మని. బోండాం తాగండి."

దాలయ్య తల్లికి ఎదురు చెప్పలేదు. తిరుమల కూడా చెప్పలేదు.

ఆ తర్వాత ఆ ఇంట్లో కొన్ని చిన్న మార్పులు వచ్చాయి. బిందెను తిరుమల కుడి చంకన ఎత్తుకునేది. ఇప్పుడు ఎడమ చంకకు మారింది. చీపురు ఎడమచేతిలోకి వెళ్ళింది. వాకిలి కొన్నాళ్ళు సగం సగంగా ఊడ్చినట్టుండేది. అన్నం ఎడమ దవడతో నమిలేది.

"కుడిపక్క పళ్ళకి కోపమొత్తాదే, అమ్మా," అన్నాడు దాలయ్య.

"ఇన్నాళ్ళూ తిన్నాయి కదా, నాన్నా. కూకోనీ."

మాస్టారు ఆమెకు ఒక పద్ధతి చెప్పాడు. ఒక రోజుకు ఒక్కటే. ఒకరోజు చెయ్యి నీళ్ళలోకి దిగడం. ఒకరోజు మడమలు. మిగతావి ఎలా ఉన్నా పట్టించుకోకూడదు. బస్సులో టెక్కలి వెళ్తూ ఆయన అడిగేవాడు, ఈ రోజు దేని మీద అని. ఆమె ఒక్కమాట చెప్పేది. దిగాక కొలనులో ఎవరు ముందున్నారో, ఎవరు వెనకున్నారో ఆమె చూడడం ఆయన చూడలేదు.

నూతిలో కుడి తిప్పుడు మానేసింది. ఎడం తిప్పుడు మొదలుపెట్టలేదు. తెల్లవారగానే మెట్లు దిగి ఛాతీ లోతు నీళ్ళలో నిలబడేది. వంగి ముఖం నీళ్ళలో పెట్టేది. ఎడమకు తల తిప్పి ఊపిరి పీల్చేది. మొదట్లో నీళ్ళే లోపలికి పోయేవి. దగ్గేది. ముఖం తుడుచుకునేది. మళ్ళీ వంగేది. కార్తీకం చలిలో నూతి మీద పొగలా ఆవిరి లేచేది. ఆ ఆవిరిలో ఒక తల మునగడం, ఎడమకు తిరగడం, మునగడం. మెచ్చుకునేవాళ్ళు లేరు. తరిమేవాళ్ళూ లేరు. వానపడ్డ రోజు వానలోనే.

బొడ్డమ్మ అది రోజూ పైనుంచి చూసేది. పుల్లలు ఏరుకునే వంకతో అటే వెళ్ళేది. తను ఈత నేర్పిన పిల్లే అది. అయినా ఇంత ఓర్పు ఎక్కడిదో ఆమెకు తెలియలేదు. ఒకరోజు అడిగింది.

"ఎన్నాళ్ళలగ నిలబడి ఈదుతావే, గుంటా?"

"తిరగకూడదన్నావు. నిలబడకూడదన్నేదు కదా, మామ్మా."

"నా మీద కోపమేటి?"

"కోపమెందుకు? నాకు పనున్నాది." మళ్ళీ ముఖం నీళ్ళలో పెట్టింది.

అందులో ఎత్తిపొడుపు లేదు. అదే బొడ్డమ్మకు నిద్ర పట్టనివ్వలేదు.

మర్నాడు తెల్లవారేసరికి బొడ్డమ్మ నూతి మెట్ల మీద ఉంది. చీర గోచీ పోసి బిగించి కట్టుకుంది. డెబ్భై ఏళ్ళు దాటిన మనిషి. చివరిసారి ఎప్పుడు నీళ్ళలో దిగిందో ఆమెకే గుర్తులేదు. తిరుమల వచ్చి చూసి ఆగిపోయింది.

"ఏటి సేత్తన్నావు, మామ్మా? పైకి రా."

"నువ్వక్కడే ఉండు."

బొడ్డమ్మ నీళ్ళలోకి జారింది. గోడను కుడిచేతి పక్కన పెట్టుకుంది. ఎడం తిప్పుడు మొదలుపెట్టింది. ఆమె శరీరం కూడా కుడికే లాగింది. భుజం రాతికి గీసుకుంది. మోచెయ్యి తగిలింది. తిట్టుకుంటూ గోడను తోసుకుంటూ సాగింది. దాలయ్య తోటలోంచి పరుగెత్తుకు వచ్చాడు. దిగబోతే తల్లి నీళ్ళలోంచే చెయ్యి చూపించి ఆపింది.

చుట్టు పూర్తయ్యింది. బొడ్డమ్మ మెట్టు పట్టుకుని రొప్పుతూ ఉండిపోయింది. భుజం మీద నెత్తురు సన్నగా గీతలు కట్టింది. ఊపిరి కుదుటపడ్డాక మనవరాలి వైపు చూసింది.

"ఏటైనా అయితే ముందు నాకవ్వాల. అందుకే ముందు నాను తిరిగినాను. ఇప్పుడు నువ్వు తిరుగు."

తిరుమల నీళ్ళలో దిగింది.

ఆ రోజు నుంచి నూతిలో రెండు తిప్పుళ్ళు. పొద్దున్న ఎడం. సాయంత్రం కుడి. ఎడం తిప్పుడు తిరిగినంతసేపూ బొడ్డమ్మ గట్టు మీద కూర్చునేది. బతికున్న మనిషి చూస్తుండగా తిరిగితే అది ఈతే అవుతుందని తనకు తాను చెప్పుకుంది. తిరుమల భుజం కూడా రాతికి గీసుకునేది. నెమ్మదిగా గీతలు మానాయి. కొత్తవి పడలేదు.

మరుసటి ఏటి ఎంపిక పోటీలకు దాలయ్య వెళ్ళలేకపోయాడు. తుఫాను తర్వాత నాటిన చెట్లకు మొదటి కాయ దింపు ఆ వారమే. బొడ్డమ్మ వెళ్ళింది. మెట్ల వరుసల్లో మాస్టారు పక్కన కూర్చుని కొలనును వింతగా చూసింది.

"ఇక్కడ తిప్పుడే నేదేటి, మాస్టారూ?"

"లేదు, పెద్దమ్మా. వెళ్ళడం, రావడమే."

"ఇది తెలిసుంటే..." అంది. రాతికి గీసుకున్న భుజం తడుముకుంది.

కింద తిరుమల తువ్వాలు కప్పుకుని ఒక మూల కూర్చుంది. పక్క అమ్మాయిలు చేతులు ఊపుతున్నారు, ఒకరినొకరు చూసుకుంటున్నారు. ఆమె తన ఎడమ అరచేతిని చూసుకుంటోంది. ఆ రోజుకు తను ఎంచుకున్నది ఎడమవైపు ఊపిరి. పొద్దున్నే మాస్టారుకు చెప్పింది.

ఈల మోగింది. దూకారు.

ఆమె ముందంజలో లేదు. మొదటి సగం నాలుగోదిగా ఈదింది. మాస్టారు పెదవి కొరుకుతున్నాడు. బొడ్డమ్మ అమ్మాయిలను చూడడం లేదు. కుడిపక్క తాడును చూస్తోంది. పూసలు కదలడం లేదు. తిరుమల రెండు తాళ్ళ మధ్య, అడుగున ఉన్న నల్లగీతకు సరిగ్గా పైన సాగుతోంది. కుడికి ఒక ఊపిరి, ఎడమకు ఒక ఊపిరి. ఒక్కొక్కరే వెనకబడ్డారు. ఆమె వేగం పెంచినట్టు ఎవరికీ అనిపించలేదు. తగ్గలేదంతే.

చివరి రెండు పొడవుల్లో అలసట వచ్చింది. అలసటతోపాటు నుయ్యి కూడా వచ్చింది. శరీరం కుడికి ఒరగడం బొడ్డమ్మకు పైనుంచి తెలిసింది. పూసలు ఒక్కసారి కదిలాయి. ముసలామె లేచి నిలబడింది. తిరుమల ఎడమకు తల తిప్పింది. వెంటనే మళ్ళీ ఎడమకే. మళ్ళీ. గీత మీదికి వచ్చింది. అక్కడి నుంచి గోడ దాకా నేరుగా వెళ్ళింది.

రెండోది. జట్టులో పేరు చదివారు. మాస్టారు కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు.

తిరుమల పైకి వచ్చింది. ఆయాసం ఇంకా తగ్గలేదు. బొడ్డమ్మ చీరచెంగుతో ఆమె తల తుడుస్తూ ఒక్కటే అడిగింది.

"తాడుకి తగిలినావా?"

"ఒక్కపాలి, మామ్మా. సేతి ఏలు."

"సూసినాను. అయితే ఇంకా ఉన్నాది పని."

"ఉన్నాది," అంది తిరుమల. తల వంచి తుడవనిచ్చింది.