ఏసోబు వెనక్కి తెచ్చిన మందులు

ఈ మాటను ఇన్నేళ్లుగా మోస్తున్నాను. మింగుడుపడలేదు, బయటికీ రాలేదు. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను.

మార్కాపురంలో ఒక మందుల షాపులో ఫార్మసిస్టుని. కౌంటరు అవతల నిలబడే మనుషులంటే అప్పట్లో నాకు చులకన. మాత్ర పేరు చెప్పలేక ఎర్రది, గుండ్రంది అనేవాళ్లను చూస్తే ఒళ్లు మండేది. డిగ్రీ చదివింది వీళ్ల చీటీలు చదవడానికా అనుకునేదాన్ని. ఎంత మిడిసిపాటు. అప్పటి ఆ మనిషి ఇప్పుడు ఎదురైతే మొహాన ఉమ్మేయాలనిపిస్తుంది. ఆ మనిషిని నేనే.

ఏసోబు పలకల గనిలో పనిచేసి ఊపిరితిత్తులు పాడుచేసుకున్న పెద్దాయన. ఆయాసానికీ బీపీకీ మందులు మా దగ్గరే కొనేవాడు. భార్య పోయాక ఒక్కడే ఉండేవాడు. ఒక మధ్యాహ్నం వచ్చి, సంచిలోంచి తన మందులన్నీ తీసి కౌంటరు మీద పెట్టాడు. సగం కూడా వాడలేదు.

"ఎవురికన్నా పనికొస్తే ఇయ్యమ్మా. నాకింగ వీటితో పని లేదు" అన్నాడు.

"వాపసు తీసుకోం. ఇదేమన్నా ధర్మసత్రమా పెద్దాయనా" అన్నాను.

ఆయన నొచ్చుకోలేదు. మందులు మళ్లీ సంచిలో సర్దుకున్నాడు. "ఇన్నాళ్లూ మంచిగ చూసుకున్నావు తల్లీ. పోతా" అన్నాడు. మంచిగా చూసుకున్నానట. ఎప్పుడు?

నాకు అర్థం కాలేదని అనగలనా? అనలేను. అంతకు కొన్నాళ్ల ముందే మందుల షాపుల వాళ్లకు ఒక డాక్టరమ్మ క్లాసు తీసుకుంది. బతుకు మీద ఆశ పోయినవాళ్లు మందులు మానేస్తారనీ, ఉన్నవి పంచేస్తారనీ, వీడ్కోలు చెబుతున్నట్టు మాట్లాడతారనీ చెప్పింది. అనుమానమొస్తే కూర్చోబెట్టి, చచ్చిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగమంది. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదంది. ఒంటరిగా పంపకుండా ఇంటివాళ్లను పిలవమంది. నేను వెనక వరసలో సమోసా తింటూ పక్కామెతో నవ్వుకున్నాను. ఏసోబు మెట్లు దిగుతుంటే ఆ మాటలన్నీ గుర్తొచ్చాయి. నిజంగా గుర్తొచ్చాయి. పిలిస్తే వినపడే దూరంలోనే ఉన్నాడు. కానీ ఈయన ఏడుపు మొదలుపెడితే ఎవరు వింటారు, ఎంతసేపు పడుతుంది అనుకుని తరవాతి చీటీ అందుకున్నాను.

ఆ వారంలోనే ప్రాణం తీసుకున్నాడు.

కంభంలో ఉండే కూతురు కరుణ, సమాధి చేశాక షాపుకొచ్చింది. తండ్రి చివరగా ఎవరితో ఏం మాట్లాడాడోనని తెలిసినవాళ్లందరినీ అడుగుతూ తిరుగుతోంది.

"మా నాయన మీకాడికేమన్నా వచ్చినాడా అక్కా? ఏమన్నా చెప్పినాడా?"

"రాలేదు" అన్నాను.

ఎవరికీ ఒక్క మాటైనా చెప్పకుండా పోయినాడని, తనను కూడా పరాయిదాన్ని చేసినాడని ఏడ్చింది. నేను మంచినీళ్లు ఇచ్చాను. చూడండి, ఎంత దయగలదాన్నో.

ఇప్పుడు మాట తేడాగా ఉన్నవాళ్లను లోపల కూర్చోబెట్టి అడుగుతాను. కొందరు విసుక్కుంటారు. కొందరు ఏడుస్తారు. ఒకామె దగ్గర, ఆమె అన్న వచ్చి తీసుకెళ్లేదాకా కూర్చున్నాను. ఆమె బతికే ఉంది. నన్ను మంచిదాన్నంటారు. వింటే అసహ్యమేస్తుంది. దీనివల్ల ఏసోబుకేం ఒరిగింది?

కరుణకు ఇంకా చెప్పలేదు. పిరికిదాన్ని. మీకు చెబుతుంటే మాత్రం గుండె కాస్త తేలికవుతోంది. ఆ తేలిక కూడా నాకు దక్కాల్సింది కాదు. అయినా చెబుతాను. ఆయన ఎవరికీ చెప్పకుండా పోలేదు. వచ్చాడు. చెప్పాడు. నేను విన్నాను.