మూత ఎత్తే చెయ్యి

మా అత్తమ్మ పోయి ఇంకా నెల తిరగలేదు. ధ్యానంలో కూర్చుని కూర్చునే వెళ్లిపోయిందని నాచారంలో మా గల్లీ అంతా చెప్పుకుంటోంది. అది నిజం కాదు. న్యుమోనియా వచ్చి, ఉప్పల్‌లో దవాఖానా మంచం మీద, "గీ పైపు తీయుమను బిడ్డా, ముక్కుల దురద పెడ్తున్నది" అని నర్సును సతాయించి మరీ పోయింది. ధ్యానంలో పోయిందన్న మాట వింటే ముందు ఆమే నవ్వేది. "గట్ల పోతే నా ధ్యానం కుర్చీల మల్ల ఎవ్వలన్న కూసుంటరా? మంచి కుర్చీ, ఉత్తగ ఖరాబైతది" అనేది. ఆమెను మహాత్మురాలిని చేయడానికి నాకు మనసొప్పదు. నాకు తెలిసిన అత్తమ్మకు ఒక చెడ్డ అలవాటు ఉండేది. ఆ అలవాటు మా ఇంటిని రెండు చేసేదే. దాన్ని ఆమె ఎలా దారికి తెచ్చుకుందో చెప్పాలని ఇది రాస్తున్నాను.

గిన్నె మూత ఎత్తి చూడటం, అదీ ఆమె అలవాటు. ఇంతేనా అనిపిస్తుంది. కోడలిగా ఒక ఇంటికి వెళ్లినవాళ్లకు అర్థమవుతుంది. మా ఇంట్లో ముందు మా ఆయన తినేవారు, తర్వాత అత్తమ్మ, ఆఖరున నేను. మారు వడ్డించుకున్న ప్రతిసారీ అత్తమ్మ అన్నం గిన్నె మూత ఎత్తి లోపలికి చూసేది. మూత పెట్టేది. చెయ్యి కడుక్కున్నాక మళ్లీ వచ్చి ఎత్తేది. తర్వాత నా వైపు ఒక చూపు. నోటితో ఒక్క మాట అనేది కాదు. అంటే నేనూ అనేదాన్ని, మనసు తేలికపడేది. నేను ఎంత తింటానో ఈమె కొలుస్తోందని నాకు గట్టి నమ్మకం. మాత్రల కంపెనీలో ప్యాకింగ్ చేసి చేసి రిటైరైన మనిషి, అక్కడ డబ్బాలు లెక్కబెట్టినట్టే ఇక్కడ నా ముద్దలు లెక్కబెడుతోందని మా అమ్మకు ఫోన్‌లో చెప్పుకుని ఏడ్చేదాన్ని.

మా పాప మొదటి పుట్టినరోజు రామంతాపూర్‌లో మా అమ్మవాళ్లింట్లో చేశాం. బంధువులంతా తింటున్నారు. అత్తమ్మ సగం భోజనంలో లేచి, ఎడమ చేత్తో అన్నం గిన్నె మూత ఎత్తింది. మా అమ్మ మొహం మాడిపోయింది.

"ఏంది వదినా, మా ఇంట్ల అన్నం తక్కువ పడ్తదనుకున్నవా?"

"లేదు వదినా, ఉత్తగనే సూసిన" అంది అత్తమ్మ, తల దించుకుని.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో, ఆమె వింటుండగానే మా ఆయనతో అనేశాను: "గా మూత ఉండాలెనా, నేనుండాలెనా, నువ్వే జెప్పు." ఆయన వారం తిరగకముందే నాగారంలో ఒక పోర్షన్ చూసి వచ్చారు. పాలు పొంగించడానికి మంచి రోజు కూడా అడిగి పెట్టుకున్నాం.

అత్తమ్మ తెలివితక్కువ మనిషి కాదు. ఇల్లు రెండవుతోందని, మనవరాలు చేతికందకుండా పోతోందని ఆమెకు తెలుసు. మానడానికి నానా తంటాలు పడింది. దేవుడి పటం ముందు ఒట్టు పెట్టుకుంది. గిన్నెకు వీపు పెట్టి కూర్చుని తింది. ఎత్తకుండానే కనబడుతుంది కదా అని మా ఆయన గాజు మూతల గిన్నెలు తెచ్చారు. వేడన్నానికి లోపల ఆవిరి పట్టి ఏమీ కనబడలేదు. అత్తమ్మ కొంగుతో పైన తుడిచింది. ఆవిరి లోపల ఉంటే పైన తుడిస్తే ఏం పోతుంది? ఎత్తనే ఎత్తింది. పట్టుబట్టి చేతిని ఆపుకున్న రోజున నోరు మొదలయ్యేది. "ఉన్నదా? సరిపోతదా? ఇంకింత వండుదునా?" నోరు కూడా కట్టుకుంటే బియ్యం డ్రమ్ము దగ్గరికి నడిచేది. కొమ్మ నరికితే పక్కనుంచి ఇంకో చిగురు వేస్తున్నట్టే ఉండేది. నాకు జాలి కలగలేదు. నేను సామాన్లు సర్దుకునే పనిలో ఉన్నాను.

ఉప్పల్‌లో బస్టాండ్ వెనక సందులో రిటైరైన టీచరమ్మ ఒకామె, మేడ మీద గదిలో పొద్దున పూట కొందరిని ధ్యానానికి కూర్చోబెట్టేది. పక్కింటావిడ మోకాళ్ల నొప్పులకు అక్కడికి పోతుంటే అత్తమ్మ తోడు వెళ్లింది. వెళ్లీ వెళ్లగానే అడిగిందట, "అమ్మా, చెయ్యి ఆగెటట్టు ఏమన్న మంత్రం ఉన్నదా?" అని. టీచరమ్మ లేదందట. "చేతితోని కొట్లాడకు. చెయ్యి లేసుడు కంటె ముందుగాల లోపల ఏదో లేస్తది. కండ్లు మూసుకొని దాన్ని సూడు. తరుముడొద్దు, ఉత్తగ సూడు" అందట.

అలా బాల్కనీలో ప్లాస్టిక్ కుర్చీ వెలిసింది. మొదట్లో అందులో జరిగింది నిద్రే. "అత్తమ్మా, నీ ధ్యానం గురక పెడ్తున్నది" అంటే, "పెట్టనీ తియ్, గది గూడ లోపల్నించే గద వస్తున్నది" అని మళ్లీ కళ్లు మూసుకునేది. కానీ వదల్లేదు. గిన్నె మీదికి మనసు పోయినప్పుడల్లా వెళ్లి ఆ కుర్చీలో కూర్చునేది, కాసేపటికి లేచి వచ్చేది. కొన్నిసార్లు వచ్చి మూత ఎత్తేది కూడా.

ఒక పొద్దున నేను చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను. అత్తమ్మ కుర్చీలోంచి లేచి వచ్చి నా ఎదురుగా కింద కూర్చుంది. మొహమంతా తడి.

"దొరికింది బిడ్డా" అంది.

"ఏం దొరికింది?"

"కడుపుల సల్లగ పడ్తది. గప్పుడు లేస్తది చెయ్యి. గా సల్లదనం తాననే కూసున్న గిన్ని దినాలు. గియ్యాల సప్పుడు ఇనబడ్డది. గరిటె గిన్నె అడుగు గీకిన సప్పుడు."

జనగామ దగ్గరి పల్లెలో ఆమె పుట్టిల్లు పెద్ద సంసారం. పెద్ద మగవాళ్లు తిన్నాక అన్నదమ్ములు, ఆ తర్వాత పెద్దాడవాళ్లు, అందరికంటే ఆఖరున ఈమె. తలుపు బయట కూర్చుని లోపలి గరిటె చప్పుడు వినేదట. అడుగు గీకిందంటే ఆ పూటకు నీళ్లే.

"గా పిల్ల ఇంక ఆడనే కూసున్నది. నేనేమో గామె మీద ఒట్లు పెట్టిన, చేతుల మీద కొట్టిన. ఆకలైన పిల్లను కొడితే ఊకుంటదా?"

నా చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. ఆఖరున తినేదాన్ని ఇప్పుడు నేను కదా. "అయితే నాకున్నదో లేదో అని చూసినవా అత్తమ్మా?" అని అడిగాను. ఇంకెవరైనా అయితే అవునని మార్కులు కొట్టేసేవాళ్లే.

"అవద్దమెందుకు? నీ మీద ప్రేమతోని, పావురంతోని కాదు. నీ జాగల నాకు గా పిల్లనే కనవడేది" అంది.

ఆ నిజానికే నేను ఆమెను ప్రేమించాను. అప్పటినుంచే, అంతకుముందు కాదు.

అలవాటు ఆ రోజే పోయిందంటే అబద్ధం. చెయ్యి లేస్తూనే ఉండేది. కానీ సగం దాకా వచ్చి ఆగేది. అత్తమ్మ కళ్లు మూసుకుని, ఎవరినో పక్కన కూర్చోబెట్టుకున్నట్టు ఒక ఊపిరి తీసుకుని, ఆ చేత్తోనే కూర గిన్నె అందుకునేది. ఒక ఆదివారం గిన్నెలన్నీ తెచ్చి హాల్లో నేల మీద పెట్టింది. "గీ ఆఖరున తినుడు బంద్. అందరం ఒక్కసారే కూసుందాం" అంది. మా ఆయన బిత్తరపోయి చూశారు. నేను ఆమె పక్కనే కంచం పెట్టుకున్నాను. నాగారం ఇల్లు వద్దని ఆ సాయంత్రమే ఫోన్ చేయించాను. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ ఆఖరున తినలేదు.

అత్తమ్మ చెయ్యి ఆగిన సంగతి గల్లీలో పాకింది. గుట్కా మానలేకపోతున్నానని ఒకరు, ఫోన్ వదల్లేకపోతున్నానని ఒకరు ఆ బాల్కనీ కిందికి వచ్చి మొరపెట్టుకునేవాళ్లు. అందరికీ ఆమె ఒకటే చెప్పేది: "మానుడు తర్వాత. లోపల అడిగెటోని మొహం ఒక్కసారి సూసి రా." కొందరు నవ్వుకుని పోయేవాళ్లు. కొందరు మళ్లీ వచ్చేవాళ్లు.

దినాల రోజు ఇంటి ముందు టెంటు వేశాం. బంతి తర్వాత బంతి లేస్తోంది. ఆ హడావిడిలో మా ఇంటి పద్ధతి నేనే మర్చిపోయాను. వడ్డిస్తూ వడ్డిస్తూ ఆఖరున మిగిలాను. వంటాయన అన్నం బగోనెలో గరిటె పెట్టి అడుగు గీకాడు.

కడుపులో చల్లగా అయింది. దవాఖానాలో కాదు, కాటి దగ్గర కాదు, అత్తమ్మ ఇక లేదని నాకు అప్పుడు తెలిసింది. టెంటు గుంజ పట్టుకుని ఏడ్చాను.

"అమ్మా, ఇటు రా" అని పిలిచింది మా పాప. ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. గోడ వారగా కూర్చుని ఉంది, ఇంకా తినలేదు. ముందు రెండు కంచాలు. ఒకటి తనది. రెండోదాని మీద, చల్లారకుండా, మా ఆయన ఒకప్పుడు తెచ్చిన గాజు మూత బోర్లించి ఉంది. నేను ఎత్తి చూడలేదు. పాప పక్కన కూర్చున్నాను. మూత లోపల ఆవిరి చుక్కలై మెల్లగా జారుతోంది.