చెత్త దొరకని సేవా దినం

ఆ రోజుల్లో మా ఊళ్ళో సేవ అనే మాట ఎవరి నోటా వినపడేది కాదు. వానకు ఎవరిదైనా మట్టి గోడ కూలితే పొద్దున్నే పది మంది తట్టలు పట్టుకుని వచ్చేవాళ్ళు. ఎవరింట్లోనైనా కాన్పు అయితే పిలవకుండానే వచ్చి నీళ్ళు కాచేవాళ్ళు. పని అయిపోయాక చేతులు కడుక్కుని ఎవరి దారిన వాళ్ళు పోయేవాళ్ళు. దానికొక పేరుంటుందనీ, ఆ పేరు మీద ఒక దినం ఉంటుందనీ, ఆ దినం దేశమంతా ఒక్కసారే చీపుర్లు పట్టుకుంటుందనీ మేడం చెబితేనే మాకు తెలిసింది. (మేడం అంటే గద్వాలలో మహిళా సంఘాలను చూసుకునే ఆఫీసరమ్మ.) ఆ కబురు మోసుకొచ్చి మా యారాలికి, అంటే మా ఆయన అన్న భార్యకు, "దేశమంతా కూలి లేకుండ ఒక్క దినం పనిచేస్తదంట అక్కా" అని చెబితే, ఆమె జొన్నరొట్టె తట్టడం ఆపకుండానే "ఒక్క దినమేనా? మిగిలిన దినాలు ఏం చేస్తదంట?" అంది.

మాది ధరూరు దాటాక కృష్ణ వైపు ఊరు. అప్పటికి నాకు ముప్పై నిండి ఒకటో రెండో ఏళ్ళు. మా ఊరి సంఘానికి నేనే లీడర్ని. చదువుకున్నానని చేయలేదు, గొంతు పెద్దదని చేశారు (చేను దగ్గర నిలబడి పిలిస్తే ఇంట్లో ఉన్న మా ఆయనకు వినపడేది, పలకకపోతే అది వినపడక కాదు). అక్షరం ముక్క రాదు. మొదటిసారి గద్వాల మీటింగుకు పోయినప్పుడు, మేడం ఇంకా రాకముందే, అందరూ రిజిస్టరులో చకచకా సంతకాలు పెట్టారు. నా వంతు వచ్చేసరికి బీరువాలో ఎక్కడో ఉన్న సిరా డబ్బా వెతికి, దుమ్ము ఊది, నా ముందు పెట్టారు. వేలిముద్ర వేస్తుంటే పక్కన కూర్చున్న మానవపాడు వైపు ఆమె, సిరా అంటుతుందేమోనని, తన కొంగు ఇటు నుంచి అటు లాక్కుంది. ఆమె చేసిందంతే. కానీ ఆ కొంగు నా కళ్ళ ముందు నుంచి చాలా ఏళ్ళు పక్కకు పోలేదు.

అందుకే రెండో మీటింగుకు కుడిచేతి వేళ్ళకు గుడ్డ చుట్టుకుని పోయాను. కొడవలి తెగిందన్నాను. మేడం పాపం నిజమనుకుంది. "సంతకం తర్వాత పెడ్దువు తియ్యి. చెయ్యి తెగితేనేమాయె, నోరు మంచిగుంది గద! సేవా దినం రోజు వనపర్తి నుంచి కాలేజి పిల్లలు మీ ఊరికొస్తరు. అందరి ముందర ప్రతిజ్ఞ నువ్వే చదవాలె" అని ఒక కాగితం చేతిలో పెట్టింది. "చదువుత మేడం" అన్నాను. ఆ మాట అంత ధీమాగా ఎట్లా వచ్చిందో తెలియదు. బస్సులో వస్తూ ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి బొడ్లో దోపుకుంటే, ధరూరు వచ్చేదాకా అది నిప్పుకణికలాగా కాలుతూనే ఉంది.

గుడ్డ సంగతీ, చదువుతానని ఒప్పుకొచ్చిన సంగతీ తెలిసింది మా యారాలు ఒక్కదానికే. "బడి సార్ తోని చదివించుకొని నోటికి నేర్చుకోరాదా" అంది. సారుకు చెబితే ఊరికి చెప్పినట్టేనని నేను ఒప్పుకోలేదు. నా ఆలోచన వేరు: ఊరిని అద్దంలాగా పెడితే, వచ్చినవాళ్ళు ఆ ముచ్చట చూసి ప్రతిజ్ఞ సంగతే మరిచిపోతారు. పైగా ఇరవై మంది చుట్టాలు వస్తుంటే ఊరిని అట్లా ఎవరైనా ఉంచుతారా? ముందు రోజు సంఘం ఆడవాళ్ళమంతా కొంగులు దోపాం. మురుగు పేరుకున్న మోరీలు తీశాం. బడి చుట్టూ పెరిగిన కంపచెట్లు నరికాం. చెత్తంతా తట్టలకెత్తి ఊరవతల గుంతలో పోశాం. మా అత్త (ఆమె చేతిలో చీపురు లేకుండా నేను చూసింది నిద్రపోతున్నప్పుడే) బడి ముందర జాగా అంతా ఊడ్చి పేడనీళ్ళు కలిపి సానిపి చల్లింది. పొద్దు గూకే వేళకు పచ్చగా అలికిన నేల మీద తెల్లటి ముగ్గులు. నిలబడి చూస్తే కడుపు నిండిపోయింది.

తెల్లారి బస్సు వచ్చింది. పిల్లలు దిగారు. ఒక్కొక్కరి చేతిలో కొత్త చీపురు, కొత్త పార. దిగి అటు చూశారు, ఇటు చూశారు. మేడం బడి చుట్టూ ఒక చుట్టు తిరిగొచ్చి నన్ను పక్కకు పిలిచింది.

"చెత్త యాడుంది లీడరమ్మా?"

నేను నోరు తెరిచేలోపే మా యారాలు అందుకుంది. "చెత్తనా? మీరొస్తున్నరని నిన్ననే తీసి పారేసినం. చుట్టాలొస్తే ఇల్లు గట్లనే పెడ్తరా మేడం?"

"అయ్యో, మేం వచ్చిందే దాని కోసం గదమ్మా! పనికి ముందర ఒక ఫొటో, పనైనంక ఒక ఫొటో దింపాలె. ఇప్పుడు నేనేం దింపాలె?"

"దానికింత పరేషానెందుకు? చెత్త యాడికి పోయింది, గుంతలనే ఉంది. తెప్పిస్త" అని మా యారాలు రెండు తట్టల చెత్త మోయించుకొచ్చి బడి గేటు ముందర పోయించింది. మేడం కెమెరా తీసింది. పిల్లలు చీపుర్లు పట్టుకుని వరుసగా నిలబడ్డారు. "ఇంకొంచెం దగ్గరికి జరుగున్రి" అని మేడం అంటుండగానే మా అత్త ఎటు నుంచి వచ్చిందో, "ఎవడ్రా నా నేల మీద గిట్ల పోసింది! నిన్న నడుం పడిపోయేదాక ఊడ్చిన" అని తిడుతూ నాలుగు ఊడ్పుల్లో అంతా ఎత్తేసింది. మళ్ళీ రెండు తట్టలు తెప్పించాం. ఈసారి మా అత్తను మాటల్లో పెట్టమని ఇద్దరిని కాపలా ఉంచాం. ఆమె మాటలు మాట్లాడుతూనే ఊడ్చేసింది. ఫొటోలో ఏం పడిందంటే, చీపురు పట్టుకుని వరుసగా నిలబడిన ఇరవై మంది పిల్లలు, వాళ్ళ ముందర వంగి ఊడుస్తున్న మా అత్త.

ఇక చేసేది లేక మేడం, "సరే, ప్రతిజ్ఞన్న కానియ్యి లీడరమ్మా" అంది.

బొడ్లోంచి కాగితం తీసి విప్పాను. అందరూ చెయ్యి చాచి నిలబడ్డారు. నల్లటి చీమలు బారులు బారులుగా పోతున్నట్టు అక్షరాలు. మా యారాలు చూడలేక, "దానికి కండ్లు సరిగ కనపడవు, అద్దాలు ఇంట్ల మర్చిపోయి వచ్చింది" అని అడ్డం పడింది. వెంటనే నా పక్కనే ఉన్న బక్కపలచటి పిల్ల "నావి పెట్టుకోన్రి ఆంటీ" అని తన కళ్ళద్దాలు తీసి నా ముక్కు మీద పెట్టేసింది. అంతకు ముందు చీమలన్నా కనపడేవి. ఇప్పుడు ఊరంతా నీళ్ళలో తేలుతోంది. ఇంక దాచేందుకు ఏమీ లేదనిపించి, చేను దగ్గరి గొంతు తీశాను.

"ఎవరి గోడ కూలినా పోతం. ఎవరింట్ల కాన్పయినా నీళ్ళు కాస్తం. ఎవరు సచ్చినా మొయ్యనీకె నలుగురం అయితం. ఇది ఒక్క దినం కాదు, అన్ని దినాలు చేస్తం."

అందరూ నా వెంట అన్నారు. మేడం తన ఫైలు తెరిచి, తన దగ్గరున్న ప్రతిని ఒకసారి చూసి, చప్పుడు చేయకుండా ఫైలు మూసేసి, నా వెంటే అంది. ఆమెకు ఆ రోజు కాళ్ళు మొక్కినా తప్పులేదు.

అన్నాల దగ్గర అద్దాల పిల్ల నా పక్కకొచ్చి కూర్చుంది. "ఆంటీ, మీరు చదివింది పత్తి మందు కాగితం" అని చెవిలో మెల్లగా చెప్పింది. మా ఆయన దాచమని ఇచ్చిన కాగితం అది. అదీ ఇదీ ఒక్కచోటే దోపుకుంటే నాకేం తెలుస్తుంది! సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఆ పిల్ల నవ్వలేదు. "నేను ఇంత దూరం పని చెయ్యనీకె వచ్చిన. మీరు పనే మిగల్చలే. నాకేదన్న ఒక పని చెప్పున్రి ఆంటీ" అంది. నాకు తెలియకుండానే నోట్లోంచి వచ్చేసింది: "నా పేరు రాసుడు చూపిస్తవా బిడ్డా?"

పలక లేదు, బలపం లేదు. అలికిన నేల ఉంది, ముగ్గు డబ్బా ఉంది. ఆ పిల్ల ఒక్కో అక్షరం పోసింది, నేను దాని కింద పోశాను. జ. ము. ల. మ్మ. "ఎంత సక్కగ వేస్తున్రు ఆంటీ!" అని ఆశ్చర్యపోయింది. చిన్నప్పటి నుంచి ముగ్గు పోసిన చెయ్యి కదా, వంపులు దానికి కొత్త కాదు. కొత్త ఏమిటంటే, ఈసారి ఆ వంపుల్లో నేనున్నాను.

అంతలో లోపలి నుంచి మేడం పిలిచింది. రిజిస్టరు బల్ల మీద ఉంది, పక్కనే సిరా డబ్బా కూడా ఉంది (ఆమెకు అన్నీ తెలుసని అప్పుడు అర్థమైంది). పెన్ను పట్టుకున్నాను. మొదటి అక్షరం పెట్టాక రెండోది గుర్తుకు రాలేదు. "జర ఆగున్రి మేడం" అని బయటికి ఉరికి, చూసొచ్చి, ము రాశాను. మళ్ళీ ఉరికి, చూసొచ్చి, ల రాశాను. మూడోసారి పోయేసరికి నేల మీద ఏమీ లేదు. పక్కన చీపురు పట్టుకుని మా అత్త.

"పిండి ఒలకబోసిన్రే ఎవరో. సాపు చేసిన" అంది.

వెనక్కి వచ్చి నిలబడ్డాను. మేడం రిజిస్టరు చూసి "ఇంతేనా?" అంది.

"మిగిలింది మా అత్త ఊడ్చింది మేడం" అన్నాను.

బడి పైకప్పు లేచిపోయేట్టు నవ్వారు. అద్దాల పిల్ల నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటూ నా దగ్గరికి వస్తుంటే బస్సు హారను మోగింది. "వచ్చే ఏడు ఈ దినమే వచ్చి ఆ ఒక్కటి రాసిస్త ఆంటీ" అని కిటికీలోంచి చెయ్యి ఊపింది. పేరు అడగాలని అప్పుడు తోచలేదు. నా పేరు రాసే సంబరంలో ఆమె పేరు అడగలేదు.

ఆ ఏడాదంతా 'జముల' అనే సంతకం పెట్టాను. మిగిలిన అక్షరాలన్నీ ఒకటో తరగతి పుస్తకం ముందేసుకుని నేర్చుకున్నాను కానీ, ఆ చివరిదాన్ని మాత్రం ఎవరినీ అడగలేదు. అది ఆ పిల్ల బాకీ అనుకున్నాను. మరుసటి ఏడు సేవా దినానికి బస్సు వచ్చింది. వేరే పిల్లలు దిగారు. బస్సు ఖాళీ అయ్యేదాకా మెట్ల దగ్గరే నిలబడ్డాను. ఆ రోజు మ్మ నేనే రాసుకున్నాను. కష్టం కాలేదు. కష్టమైతే బాగుండేదనిపించింది.

మా అత్త పోయి చాలా ఏళ్ళయింది. మా యారాలు పూణెలో మేస్త్రీ పనికి పోయిన కొడుకు దగ్గర ఉంటుంది. ఇప్పుడు నేను ఇన్ని కాగితాలు రాస్తాను, మొదలు పెడితే ఆపను. కానీ సంతకం పెట్టేటప్పుడు ల దగ్గర చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది, కళ్ళు వాకిట్లోకి పోతాయి. సేవా దినం వచ్చిందంటే పొద్దున్నే ఇంటి ముందరంతా ఊడుస్తాను, గేటు పక్కన ఒక మూల తప్ప. అక్కడ పిడికెడు చెత్త అట్లాగే వదిలేస్తాను. ఇంత వయసొచ్చినా పిచ్చి పోలేదని మా ఆయన నవ్వుతాడు, నేనూ నవ్వుతాను. కానీ ఒకవేళ ఆ పిల్ల వస్తే, ఈసారన్నా ఆమెకు కొంచెం పని మిగిలి ఉండాలి కదా.