బంపరు మీద అబ్బులు గారు

పొద్దున ఏటిగట్టు మీద కూరగాయలు కొంటుంటే క్లచ్ ప్లేట్లు కాలిన వాసన ముక్కుకి కొట్టింది. తల తిప్పి చూడక్కర్లేదు. కింద, ఏట్లోంచి గట్టెక్కే ర్యాంపులో ఎవడో ఓపలేనంత బరువు తగిలించుకుని ట్రాక్టరు ఎక్కిస్తున్నాడు. పాత మనుషులు గుర్తొస్తే కళ్లనీళ్లు వస్తాయంటారు. ఆ వాసనకి నాకు అబ్బులు గారు గుర్తొస్తారు, ఒళ్లు మండుకొస్తుంది. నేను చెబుతుంటే రాస్తున్నది మా అమ్మాయి. "పోయినాయన గురించి అలా అనకూడదమ్మా" అంటోంది. అన్నది అన్నట్టే రాయమన్నాను. ఆయన బతికుండగా మొహం మీదే అన్నాను, ఇప్పుడు దాచేదేముంది.

అబ్బులు గారిది కొబ్బరికాయల వ్యాపారం. ఏటి లంకలో తోటలు కౌలుకి పట్టి, దింపు తీయించి, కాయలు కొత్తపేట వైపు కొట్లకి పంపేవారు. మనిషి గాదెలా ఉండేవారు. మా ఆయన జ్వరంతో పోయినప్పుడు నాకు మిగిలింది ఒక పిల్ల, ఒక ట్రాక్టరు. "ఆడదానికి ట్రాక్టరెందుకు, అమ్మేద్దాం" అని మా మరిది పట్టుపట్టాడు. పొలంలో మా ఆయన పక్కన కూర్చుని తోలడం నేర్చుకున్నదాన్ని, అమ్మనన్నాను. అనడమైతే అన్నాను గానీ కిరాయికి పిలిచినవాడు లేడు. చివరికి పిలిచింది అబ్బులు గారు. కొట్టు దగ్గర ఎవరో ఎకసెక్కమాడితే, "ఆవిడ తోలితే కాయల్లో నీళ్లింకిపోతాయేంటండీ?" అన్నారట. ఆ ఒక్క మాటకి ఆయనకి దణ్ణం పెట్టుకున్నాను. ఆ తర్వాత ఆయనతో వేగినన్నాళ్లూ పళ్లు నూరుకున్నాను.

ట్రాక్టరు వెనక తగిలించే తొట్టిని మావైపు ట్రక్కు అంటాం. మాది రెండు చక్రాలది. దానిలో పోసిన బరువంతా ఆ చక్రాలే మొయ్యవు. ముందువైపు పోసింది ట్రాక్టరు హుక్కు మీద కూర్చుంటుంది. హుక్కు మీద మరీ బరువు పడితే, ఎత్తెక్కేటప్పుడు ట్రాక్టరు వెనక్కి కుంగి ముందు టైర్లు గాల్లోకి లేస్తాయి. టైర్లు నేల మీద లేనప్పుడు స్టీరింగు ఎటు తిప్పి ఏం లాభం? అబ్బులు గారి భయం వేరు. మా ట్రక్కు వెనక తలుపు వదులు. ఎత్తులో కాయలు రాలిపోతాయని కాయలన్నీ ముందుకి కుప్ప పోయించి, వెనక తేలికైన డొక్కలు, అంటే కాయ వలిచిన పీచు, కట్టించేవారు.

"అన్నయ్యగారండీ, ముందు బరువు తగ్గించండి. మూతి లేస్తంది" అనేదాన్ని.

"యాభై గుర్రాల బండమ్మా, లాగేస్తాది."

"లాగుద్దండీ. లాగడం వేరు, నడుం మీద మొయ్యడం వేరు."

"మరి నేను లేనేంటమ్మా?" అని పంచె ఎగ్గట్టి, ట్రాక్టరు ముందు బంపరెక్కి కూర్చునేవారు. మూతి లేవకుండా ఆయనే బరువన్నమాట. కాయ దించడానికి మనసొప్పదు, ప్రాణం ఎక్కించడానికి ఒప్పుతుంది. ఎండగా ఉంటే గొడుగు కూడా విప్పేవారు.

"గొడుగు ముయ్యండి, నాకు దారి కనపడదు."

"దారి నేను చూస్తున్నాను కదమ్మా. నువ్వు తోలు."

ఇదీ వరస. క్లచ్ మీద నా కాలు కాస్త జారితే ఆయన ముందు చక్రాల కిందే. మానేద్దామంటే ఇంకో కిరాయి లేదు.

ఒకరోజు ముసురు పట్టింది. ర్యాంపు జిగటగా ఉంది. సగం ఎక్కేసరికి ముందు టైర్లు లేచాయి, వాటితోపాటు అబ్బులు గారూ లేచారు. గొడుగు ఎగిరి పక్కనున్న బోదె కాలవలో పడింది. ఆయన బోనెట్టుని వాటేసుకున్నారు. క్లచ్ తొక్కేశాను, మూతి దబ్బున కింద పడింది. బండి వెనక్కి జారుతుంటే బ్రేకు మీద లేచి నిలబడ్డాను. ఆగింది. కాయలెత్తే జట్టువాళ్లు పరిగెత్తుకొచ్చి చక్రాల కింద రాళ్లు పెట్టారు.

అప్పుడా మహానుభావుడు వెనక్కి తిరక్కుండానే, "ఇంకోసారి పట్టించమ్మా. ఈసారి గట్టిగా కూర్చుంటాను" అన్నారు.

ఇంజను ఆపేశాను. తాళం తీసి బొడ్లో దోపుకుని కిందికి దిగాను.

"దిగండి."

"కాయలు తడిసిపోతున్నాయమ్మా."

"కొబ్బరికాయ తడిస్తే కరిగిపోద్దాండీ? దిగండి."

"దిగను. రేపట్నుంచి వేరే బండి చూసుకుంటాను."

"చూసుకోండి. మిమ్మల్ని చంపి నేను జైలుకెళ్లను. నాకు పిల్లుంది."

ఆయన బంపరు మీద, నేను బురదలో, ఇద్దరం వానలో. పిల్లకి అన్నం పెడుతున్న ఒక్క కిరాయినీ నా నోటితో నేనే తెంపుకున్నానని తెలుస్తూనే ఉంది. అయినా తాళం ఇవ్వలేదు. చాలాసేపటికి దిగారు. నా మాట విని కాదు, నడుం పట్టేసిందట. "కుప్ప సగం వెనక్కి లాగండర్రా, ఈవిడతో పడలేం" అన్నారు. "ఆయ్" అంటూ జట్టువాళ్లు ట్రక్కెక్కారు. కుప్ప చక్రాల మీదికి వచ్చింది. ముందు టైర్లు నేలని పట్టుకున్నాయి, బండి నెమ్మదిగా గట్టెక్కింది. వెనక తలుపు సందులోంచి కాయలు రాలనే రాలాయి. ఆయన ఒక్కోదాని వెనకా బురదలో పరిగెత్తి, ఒళ్లో వేసుకొచ్చి నాకు చూపించారు.

"చూసేవా? నేను చెప్పలేదూ?"

మర్నాడు ఇంక పిలవరనుకున్నాను. పొద్దున్నే ఇంటి ముందు నిలబడి ఉన్నారు, భుజం మీద కొత్త చెక్కతో. "తలుపు వదులుందమ్మా, ఇది కొట్టించు. బండి తియ్యి" అన్నారు. నేనన్నది నిజమని ఆ రోజూ అనలేదు, ఆ తర్వాతా అనలేదు. బంపరు మాత్రం మళ్లీ ఎక్కలేదు. ర్యాంపులో ట్రక్కు వెనక నడిచొచ్చేవారు. రాలిన కాయల కోసమట.

ఆయన చక్కెర జబ్బుతో పోయి చాలాకాలమైంది. ఇప్పుడు నా బండికి కిరాయిల లోటు లేదు. ఎంత పెద్ద షావుకారు పిలిచినా, బరువెక్కించాక నేను వెళ్లి ముందు టైర్లు చూస్తాను. నేల మీద నిండుగా కూర్చోకపోతే వెనక్కి జరపమంటాను, వినకపోతే దించెయ్యమంటాను. గొంతు తగ్గించను. అలా ఎదురు చెప్పడం నాకు నేర్పింది ఆ మొండిఘటమే, నేర్పుతున్నానని తనకే తెలియకుండా. ఇదంతా సరే. ఒక్కటి మాత్రం మింగుడుపడదు. మొగుడు పోయినదాని చేతిలో స్టీరింగు చూసి ఊరంతా పక్కకి తప్పుకునే రోజుల్లో, ఆ మనిషి నాకు వీపు పెట్టి కూర్చున్నారు. నా కాలు ఎక్కడుందో చూడ్డానికి ఒక్కనాడూ వెనక్కి తిరగలేదు. అంత నమ్మిన మనిషిని తిట్టకుండా తలుచుకుందామని ఎన్నోసార్లు చూశాను. ఇప్పటికీ చేతకాలేదు.